పదిహేడో అర

ఆగస్టు 5, సోమవారం

కాగితం చేతికొచ్చింది. ముప్పయ్యో తేదీకల్లా కంప్యూటర్ డిస్కులున్న స్టోరేజీ బీరువాలు రెండూ సర్వర్ గదిలోంచి వెళ్ళిపోవాలి. కంపెనీ సమాచారమంతా ఇక సముద్రం అవతల బ్రిస్బేన్‌లోనే ఉంటుందట. ఇరవయ్యారున అక్కణ్ణించి కీరన్ అనే ఇంజినీరు వస్తాడు. డిస్కుల మీది సమాచారాన్ని భాగాలుగా విడగొట్టి అరలంటాం; ఆలోగా ఏ అరలో ఏముందో నేను జాబితా రాయాలి. వాటిని ఎవరూ వాడటం లేదని తేల్చాలి. కావలసినవి బ్రిస్బేన్‌కి పంపి, మిగతావి చెరిపేయాలి. కీరన్ వచ్చాక తొంభై ఆరు డిస్కులనూ యార్డులో మిషన్‌లో పెట్టి నలిపేయాలి.

తొమ్మిదేళ్ళు వాటికి చాకిరీ చేశాను. మా తమ్ముడు వాగి పెళ్ళినాడు కరెంటు పోతే తలలో పూలతోనే పరుగెత్తుకొచ్చి జనరేటరు వేయించాను. ఇంటికెళ్ళేసరికి పెళ్ళి భోజనాలు అయిపోయాయి. వాగి నా కోసం ఆకులో చేపముక్క దాచి ఉంచాడు.

సాయంత్రం గేటుకెదురుగా డొరీన్ దగ్గర వక్కలు కొన్నాను. పడమటి తీరం నుంచి వలస వచ్చిన కెరెమా తెగ మనిషి. ఏప్రిల్ నుంచీ అక్కడే గొడుగు పాతుకుని కూర్చుంటోంది. కేకలేసి అమ్మదు, బేరమాడదు. గేటు వంకే చూస్తుంది. మార్చి 14న తన తమ్ముడు సెవేసె రాగితీగ కోసం మా యార్డు గోడ దూకాడనీ, మళ్ళీ బయటికి రాలేదనీ అంటుంది. శవం వెనక కాలువలో దొరికింది. రోడ్డు మీద లారీ గుద్దిందని కంపెనీ రాసిచ్చింది. ఆ కాగితం నేనూ చదివాను. లారీ గుద్దిందనే ఉంది.

"లోపల కంప్యూటర్ల దగ్గర పనంట కదా పిల్లా నీది?" అంది.

"నావి జీతాల కంప్యూటర్లక్కా. కెమెరాలు నా పని కాదు."

ఎందుకలా అన్నానో తెలియదు. కెమెరాలూ నా పనే.

ఆగస్టు 7, బుధవారం

మొత్తం నలభై ఒక్క అరలు. నలభైకి యజమానులు దొరికారు. జీతాలు, ఓడ సరుకులు, గోడౌను లెక్కలు. అవన్నీ బ్రిస్బేన్‌కి కాపీ అవుతున్నాయి. పదిహేడో అర ఒక్కటే ఎవరిదో తెలియదు. అందులో ఒకప్పుడు యార్డు కెమెరాల రికార్డింగులు ఉండేవి. ఏప్రిల్‌లోనే చెరిపేసినట్టు పుస్తకంలో ఉంది. అక్షరాలు నావే. చెరపమని చెప్పారు, చెరిపానని రాశాను, చెరపలేదు. మరిచిపోయి ఉంటాను.

దాన్ని రోజూ ఎవరో చదువుతున్నారు. మధ్యాహ్నం 12.10 నుంచి 12.50 దాకా.

ఆగస్టు 8

మళ్ళీ 12.10 నుంచే.

ఆగస్టు 9, శుక్రవారం

ఎవరు చదువుతున్నారో వెతికితే గేటు పక్క కాపలా గదిలోని పాత కంప్యూటరు తేలింది. కాపలా వాళ్ళందరికీ పెద్ద మిస్టర్ టీల్. బ్రిస్బేన్ వైపు టౌన్స్‌విల్ మనిషి, ఒకప్పుడు సైన్యంలో చేశాడు. అడుగుదామని ఫోను చేస్తే ఫోనులో మాట్లాడకుండా మెట్లెక్కి నా బల్ల దగ్గరికే వచ్చాడు.

"ఏప్రిల్‌లో చచ్చిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నావు?"

"ఎవరో చూస్తున్నారు సార్. అందుకని."

"ఎవరు చూస్తున్నారు?"

"అది తెలీదు."

నా మణికట్టు పట్టుకుని మెల్లగా మెలితిప్పాడు. నవ్వుతూనే. "తెలుసుకోకు. కోసి పారెయ్."

రాత్రికి నాలుగు వేళ్ళ ముద్రలూ నల్లబడ్డాయి. మొరటు మనిషి. తన బలం తనకి తెలియదు, అంతే.

ఆగస్టు 11, ఆదివారం

చర్చి అయ్యాక వాగి ఇంట్లో భోజనం. మా ఊరంతా సముద్రంలో గుంజల మీదే, ఇళ్ళకి చెక్క వంతెనే దారి. వాడి భార్య రాకా చేప వేయించింది. ఒక వైపు మాడింది. వాగి లేచి పెనం ఎత్తి, కాగుతున్న నూనెతో సహా, రాకా మొహం మీద కొట్టాడు. మాటా పలుకూ లేదు. రాకా గుమ్మం బయట వంతెన చెక్కల మీద పడి దొర్లింది. నేను సముద్రపు నీళ్ళు తోడి పోస్తున్నాను. వాడు పెనం పట్టుకుని అలాగే నిలబడ్డాడు, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలియనట్టు.

ఆసుపత్రిలో నర్సుకి, కాలు జారి పొయ్యి మీద పడిందని నేనే చెప్పాను. రాకా నా వంక చూసింది.

వాడు అలాంటివాడు కాదు. అమ్మ పోయాక నేను పెంచిన పిల్లవాడు. కోడిని కోయాలంటే పక్కింటి వాళ్ళని పిలిచేవాడు. మార్చి నుంచే ఇలా అయ్యాడు.

మార్చి అని ఎందుకు రాశాను? చాలా రోజుల నుంచీ. ఫోర్క్‌లిఫ్ట్ కింద చేయి నలిగిన దగ్గర్నుంచీ.

ఆగస్టు 12

వాగి పని చేసేది ఆ కాపలా గదిలోనే. ఆ గదిలో ఇంకా ఎనిమిది మంది చేస్తారు.

ఆగస్టు 13, మంగళవారం

పన్నెండుంబావుకి కాపలా గదికి వెళ్ళాను. మిగతా వాళ్ళు భోజనానికి పోయారు. వాగి ఒక్కడే ఉన్నాడు. ఒళ్ళో అన్నం, డబ్బా చేప, తినకుండానే. నన్ను చూసి తెర ఆర్పలేదు.

"తలుపెయ్యక్కా."

"ఏంట్రా అది?"

"కూర్చో. నువ్వూ చూడు. ఒక్కణ్ణే చూసి చూసి చస్తున్నా."

మా యార్డే. ఖాళీ పీపాలున్న మూల. మధ్యాహ్నపు ఎండ. శబ్దం లేదు. భుజాన రాగితీగ చుట్టతో ఒక సన్నటి మనిషిని ఇద్దరు కాపలా వాళ్ళు పట్టుకున్నారు. టీల్ వచ్చాడు. చేతిలో ఇనప గొట్టం. ముందు మోకాళ్ళ మీద కొట్టాడు, ఒకటి తర్వాత ఒకటి, కంకర రాయి పగలగొట్టేవాడిలా తీరిగ్గా. మనిషి కూలిపోయాడు. తర్వాత టీల్ గొట్టాన్ని పక్కనున్న వాడి చేతికిచ్చాడు. వీపు తట్టాడు. ఆ వీపు నాకు తెలుసు.

వాడు గొట్టం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. టీల్ ఏదో అని నవ్వాడు. అప్పుడు కొట్టాడు.

"ఇప్పుడు చూడు," అన్నాడు వాగి నా పక్కన. "ఇక్కణ్ణించి చూడు."

నేను చూడలేదు. నా మెడ పట్టుకుని మొహాన్ని తెరకి తిప్పాడు. నొక్కాడు. ఊపిరి ఆడలేదు. "చూడక్కా, చూడు, టీల్ వచ్చి నన్ను ఆపుతున్నాడు. నన్ను! టీల్ ఆపాల్సొచ్చింది. గొట్టం లాక్కుంటే చేత్తో కొట్టాను. ఎముకలు విరిగినా ఆగలేదు. ఎందుకాగలేదు? చెప్పు, నువ్వు చదువుకున్నదానివి కదా!"

వదిలాక కింద కూర్చుని దగ్గాను. వాడు నా వీపు నిమిరాడు, చిన్నప్పుడు నేను వాడికి నిమిరినట్టు.

"అది ఎప్పుడు నలుపుతారు?"

"ఇరవయ్యారున."

"అయితే ఇరవయ్యేడు నుంచి నిద్రపోతాను."

ఆగస్టు 14

గొట్టం టీల్‌ది. టీల్ చేతికిచ్చాడు. ఇవ్వకపోతే వాడు కొట్టేవాడు కాదు.

ఇవాళ వక్కలు కొనలేదు. వెనక గేటు నుంచి పోయాను.

ఆగస్టు 16, శుక్రవారం

ఒక అర ఎవరికైనా కావాలో లేదో తేలనప్పుడు మేం చేసే పని ఒకటుంది. దాన్ని ఆపేసి ఊరుకోవడం. ఎవరు అరుస్తారో చూడటం. అరుపు పరీక్ష అంటాం. మామూలుగా వారం ఆగుతాం.

పన్నెండింటికి పదిహేడో అరని ఆపాను. వాడి మంచికే. చూడటం మానితే మనుషుల్ని కొట్టడమూ మానతాడని.

పన్నెండూ ఇరవైకి వాగి సర్వర్ గది అద్దపు తలుపుని మంటలార్పే సిలిండరుతో బద్దలు కొట్టుకుని వచ్చాడు. "తిరిగి పెట్టు! పెట్టవే!" అని అరుస్తూ నన్ను బీరువాకేసి కొట్టాడు. పన్ను విరిగింది. రెండో దెబ్బకి కింద పడ్డాను. అద్దం ముక్కలు మోచేతుల్లోకి దిగాయి. టీల్ మనుషులు వచ్చి వాణ్ణి ఈడ్చుకుపోయారు.

టీల్ గుమ్మంలో నిలబడి అడిగాడు. "అయితే చూస్తున్నది వీడేనా?"

నేను చెప్పక్కర్లేకపోయింది.

ఆగస్టు 17, శనివారం

రాత్రి గేటు తెరిచే ముసలాయన ఫోను చేసి వచ్చి తీసుకుపొమ్మన్నాడు. వాగి పీపాల మూలలో ఉన్నాడు. అదే మూల. నాలుగు పక్కటెముకలు విరిగాయి. ఎడమ కన్ను మూసుకుపోయింది. చెవిలోంచి రక్తం. కారులో వాడన్న మాట ఒకటే. "నేను చేతులు అడ్డం పెట్టుకోలేదక్కా."

ఆగస్టు 19, సోమవారం

టీల్ అన్నాడు: "బ్రిస్బేన్ వాడి కోసం ఆగక్కర్లేదు. రేపే నలిపెయ్. నేను పక్కనుంటాను."

నలభై అరలూ అవతలికి చేరిపోయాయి. జాబితాలో పదిహేడు పక్కన ఒక్క గీత గీసి ఉంటే అదీ బ్రిస్బేన్‌కి వెళ్ళిపోయేది. ఇప్పటికీ గీయొచ్చు. గంటన్నర పని.

గీయలేదు. వాగికి జైలు. లేదా కెరెమా వాళ్ళ కత్తి. నాకున్నది వాడొక్కడు.

ఆగస్టు 20, మంగళవారం

తొంభై ఆరు డిస్కులూ తోపుడు బండిలో యార్డులోకి తెచ్చాను. మిషన్ ట్రంకు పెట్టెంత ఉంటుంది. డిస్కు లోపల పెట్టి మూత వేసి బొత్తాం నొక్కితే ఇనప ముక్కు దిగి మధ్యలో పొడుస్తుంది. మొదట ఒక మూలుగు, తర్వాత టప్పుమని ఎముక విరిగినట్టు. బయటికి తీస్తే వేడిగా, వంగి, కడుపులో బొక్కతో ఉంటుంది. తొంభై ఆరుసార్లు. చేతులు తెగాయి. టీల్ పీపా మీద కూర్చుని కోకు తాగుతూ చూశాడు.

చివరిది నలిగాక నా భుజం తట్టాడు. వాగి వీపు తట్టినట్టే.

అయిపోయింది. ఇక అందరం నిద్రపోతాం.

ఆగస్టు 21

వక్కలు కొన్నాను. డొరీన్ ఒకటి ఎక్కువ వేసి, "మొహానికేమైంది పిల్లా?" అంది. మెట్ల మీద పడ్డానన్నాను.

"నీ ఇంట్లో కూడా మెట్లు చెడ్డవేనన్నమాట," అంది.

ఆగస్టు 23, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పక్కటెముకలకి కట్టుతోనే వాగి మధ్యాహ్నం కాపలా గదికి వచ్చాడట. కంప్యూటరు వేశాడు. అందులో ఏమీ లేదు. నల్ల తెర ముందు అరగంట కూర్చున్నాడట. తర్వాత లేచి గేటు దాటాడు. అది నేను పైనుంచి చూశాను. రోడ్డు దాటి డొరీన్ గొడుగు కింద నేల మీద కూర్చున్నాడు. మాట్లాడుతున్నాడు. ఆవిడ వక్కలు సర్దడం ఆపింది. వాడు చేతులతో చూపిస్తున్నాడు, ఇలా పట్టుకున్నాం, ఇలా కొట్టాను అని. చూడటానికి ఏమీ లేకపోయేసరికి చెప్పడం మొదలుపెట్టాడు.

నేను మెట్లు దిగేసరికి డొరీన్ కేక వినిపించింది. ఆ కేక రాయలేను. బస్టాపు దగ్గరున్న ఆవిడ బంధువులు ముగ్గురు పరుగెత్తుకొచ్చారు. ఇద్దరి చేతుల్లో కొబ్బరికాయలు నరికే కత్తులున్నాయి. వాగి లేవలేదు. మొదటి వేటు భుజం మీద పడింది. రెండోది కుడి చేతి మీద. మణికట్టు పైన తెగి, చర్మానికి వేలాడింది. వక్కలన్నీ రోడ్డు మీద దొర్లాయి. నేను వాడి మీద పడ్డాను. నా జుట్టు పట్టి లాగారు, ఎవరిదో మడమ నా చెవి మీద పడింది. "తియ్యండి దాన్ని! పక్కకి తియ్యండి!"

ఆపింది డొరీనే. వాళ్ళకీ వాగికీ మధ్య అడ్డంగా నిలబడి, "చాలు! వీడు పోతే ఎవడు చెప్తాడు నాకు?" అని అరిచింది.

ఆగస్టు 24, శనివారం

బతికాడు. చేయి తీసేశారు. ఇంకా తెలివి రాలేదు.

టీల్ పళ్ళబుట్టతో ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో మా వాళ్ళందరి ముందూ, "వాగి నా దగ్గరున్న వాళ్ళలో మేలైనవాడు. ఏ పాపం ఎరగడు. కెరెమా రౌడీలు పట్టపగలు నరికారు," అన్నాడు. మా కుర్రాళ్ళు పళ్ళు కొరికారు. నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నాడు. "దెబ్బలకి మతిపోయి వాగాడు, అంతే. రికార్డింగా? ఏ రికార్డింగు? నువ్వే కదా నలిపింది."

అప్పుడు తెలిసింది. నేను నలిపింది వాగి దెబ్బల్ని కాదు. అవి వాగే రోడ్డు మీద కూర్చుని చెప్పేశాడు. నలిపింది టీల్ దెబ్బల్ని. గొట్టం తెచ్చిన చేతిని, వీపు తట్టిన చేతిని.

ఆగస్టు 25, ఆదివారం

చర్చిలో ఎవరూ పాడలేదు. బయటికొచ్చేసరికి వంతెన మీద నలభై మంది కుర్రాళ్ళున్నారు. పెట్రోలు డబ్బాలు, చేపల ఈటెలు. కెరెమా వాళ్ళ పేట తగలబెట్టడానికి. ముందు మా చిన్నాన్న హేని. కింద పడవల ఇంజన్లు అప్పటికే మోగుతున్నాయి.

నేను వంతెనకి అడ్డంగా నిలబడ్డాను. "వాగి చంపాడు," అన్నాను. ఇంజన్ల మోతలో వినపడలేదు. మళ్ళీ అరిచాను. "వాగి చంపాడు చిన్నాన్నా! ఆవిడ తమ్ముణ్ణి మన వాగే కొట్టి చంపాడు. టీల్ గొట్టమిచ్చాడు, వీడు కొట్టాడు. నేను చూశాను. చూసి కూడా నలిపేశాను."

చిన్నాన్న కర్రతో నా మెడ మీద కొట్టాడు. మోకాళ్ళ మీద పడ్డాను.

"మన రక్తం కారుతుంటే కెరెమా వాళ్ళ వక్క నమిలి వాళ్ళ పాట పాడతావా? తమ్ముడి చెయ్యి పోయింది, నీకు సిగ్గు కూడా పోయిందా?"

"ఇంకోటి కొట్టు. అయినా చంపింది వాడే."

రెండోసారి ఎత్తాడు. గుంపులోంచి రాకా వచ్చింది. మొహానికున్న గుడ్డ కట్టు విప్పుకుంటూ వచ్చింది. సగం మొహం పచ్చిమాంసం. చిన్నాన్న ముందు నిలబడి అంది. "ఇది కెరెమా వాళ్ళు చేశారా మావా? చెప్పు, ఎవరిల్లు తగలబెడదాం? నా ఇల్లే తగలబెట్టు, దగ్గర్లో ఉంది."

ఒక డబ్బా కిందపెట్టిన చప్పుడైంది. ఇంకోటి. అందరూ పెట్టలేదు. ఒక పడవ వెళ్ళింది. బస్టాపు దగ్గర రెండు అంగళ్ళు కాల్చి వచ్చారు. ఒకటి డొరీన్ గొడుగు. మనుషులెవరూ చావలేదు.

రాకా నా మెడకి తడిగుడ్డ వేసింది. నర్సుకి నేను చెప్పిన అబద్ధం గురించి ఏమీ అనలేదు. క్షమించమన్నాను. "ఇంకా లేదు," అంది.

ఆగస్టు 26, సోమవారం

కీరన్ వచ్చాడు. పగిలిన తలుపు, ఖాళీ బీరువాలు, నా మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. "నేను రాకముందే నలపమని ఎవరు చెప్పారు?"

"మిస్టర్ టీల్. తేదీ, టైము రాసిస్తాను. మీరు కూడా సంతకం పెట్టండి, మీరొచ్చేసరికి ఏమీ లేవని."

కాసేపు ఆలోచించి పెట్టాడు. మంచివాడో భయస్తుడో నాకు తెలియదు. ఇద్దరం బీరువాల తీగలు విప్పి, చక్రాల మీద తోసి, లారీ ఎక్కించాం. గదిలో వాటి కింద నేల మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది. పదకొండింటికి నన్ను ఉద్యోగంలోంచి తీసేసినట్టు కాగితం వచ్చింది. గేటు దగ్గర టీల్ మనుషులు నా సంచి రోడ్డు మీద గుమ్మరించారు. ఒకడు నా కడుపులో గుద్దాడు. "మెట్లు చూసుకుని దిగు," అన్నాడు. అందరూ నవ్వారు.

కాలిన గొడుగు కమ్మీ దగ్గర డొరీన్ కూర్చుని ఉంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"కెమెరాలు కూడా నావేనక్కా. రికార్డింగు ఉండేది. చూశాను. నలిపేశాను."

లేచి నన్ను కొట్టింది. అరచేత్తో, తర్వాత పిడికిలితో, తర్వాత రెండు చేతులతో, ఓపిక అయిపోయేదాకా. నేను చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఆమె ఆయాసం తీరాక అడిగాను.

"పోలీస్ స్టేషన్‌కి వస్తావా?"

"పద."

సార్జెంటు వయసు మళ్ళినవాడు. మూడు కాగితాలు రాసుకున్నాడు. గొట్టం ఎవరు తెచ్చారు, ఎవరు పట్టుకున్నారు, టీల్ ఎక్కడ నిలబడ్డాడు. అన్నీ చెప్పాను. వాగి పేరు రెండుసార్లు అక్షరం అక్షరం చెప్పాల్సొచ్చింది.

"మొత్తం ఎన్ని దెబ్బలు?"

"తెలీదు సార్. వాగి కొట్టడం మొదలుపెట్టాక కళ్ళు మూసుకున్నాను."

కలం ఆగింది. "సగం చూసిన సాక్షి. కోర్టులో వాళ్ళ లాయరు నిన్ను నమిలేస్తాడు."

డొరీన్ అప్పటిదాకా గోడ వైపు చూస్తోంది. అటే చూస్తూ అంది.

"వాణ్ణి కడిగింది నేను. మోకాళ్ళ మీద రెండు. వీపు మీద ఏడు. ఎడమ పక్కటెముకల మీద నాలుగు. తల మీద మూడు. ఇవి గొట్టంవి, గుండ్రంగా ఉన్నాయి. మొహం మీద మూడు పిడికిలివి. పందొమ్మిది. లారీ అలా గుద్దదు. అప్పుడు చెబితే ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు రాసుకో."

సార్జెంటు నా వైపు చూశాడు.

"మోకాళ్ళవి రెండూ టీల్‌వి," అన్నాను. "అవి చూశాను. మిగతావి మా తమ్ముడివి."

రాసుకున్నాడు. సంతకం పెట్టాను. కింద డొరీన్ వేలిముద్ర వేసింది.

బయట ఎండ మండిపోతోంది. బస్సు కోసం నిలబడ్డాం, మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత దూరంలో. డొరీన్ అడిగింది.

"నీ తమ్ముడు బతుకుతాడా?"

"బతుకుతాడన్నారు. పొద్దున కళ్ళు తెరిచాడు."

"బతకాలి," అంది. "చెయ్యి లేకపోయినా నోరుంది కదా. నాకు చెప్పినట్టు జడ్జీకీ చెప్పాలి. నువ్వు వాణ్ణి బాగా చూసుకో."

బస్సొచ్చింది. ఆమె ముందెక్కింది.